రిలీజ్ డేట్‌కి ముందే అమ్మేసిన గేమ్: డిస్క్ మీదే, మిగతాది?

శుక్రవారం రిలీజ్ కావాల్సిన గేమ్‌ని షాపతను మంగళవారమే బిల్లు కొట్టి చేతిలో పెట్టాడనుకోండి. అది మీ సొంతమేనా? కంపెనీ వెనక్కి అడగొచ్చా? ఆడితే అకౌంట్ పోతుందా? ఈ మూడింటికీ ఒకే జవాబు ఉంటుందనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

స్ట్రీట్ డేట్ అనేది చట్టం కాదు. పబ్లిషర్‌కో డిస్ట్రిబ్యూటర్‌కో షాపు రాసిచ్చే మాట: ఫలానా తేదీకి ముందు అమ్మనని. పెద్ద గొలుసు షాపుల్లో ఆ తేదీని బిల్లింగ్ సిస్టమ్‌లోనే ఎక్కిస్తారు, బార్‌కోడ్ స్కాన్ చేసినా అమ్మకం ముందుకు పోదు. చిన్న షాపులో ఆ తాళం ఉండదు. స్టాక్ దిగిన రోజే తెలిసిన కస్టమర్‌కి తీసిచ్చేస్తారు. మాట తప్పితే దెబ్బ షాపుకే: జరిమానా వేస్తారు, లేదంటే తర్వాతి గేమ్ స్టాక్‌ని రిలీజ్ రోజు దాటాక పంపిస్తారు. ఆ కాగితం మీద మీ సంతకం లేదు కాబట్టి దాని షరతులు మీకు అంటవు.

ఈ వాదనకి పునాది అమెరికాలో 1908లోనే పడింది. బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ తన నవల మీద "డాలర్‌కి తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే" అని అచ్చేసింది. మేసీస్ స్టోర్ వాళ్లు 89 సెంట్లకే అమ్మారు. ప్రతిని ఒకసారి అమ్మేశాక, దాన్ని ఎలా అమ్మాలో శాసించే హక్కు కాపీరైట్‌తో రాదని సుప్రీంకోర్టు తేల్చింది. "మొదటి అమ్మకం" సూత్రం అని పిలిచే ఆ మాటే ఇప్పుడు అమెరికా కాపీరైట్ చట్టం సెక్షన్ 109(ఎ)లో ఉంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ "మొదటి అమ్మకం" మీకూ షాపుకీ మధ్య జరిగేది కాదు. పబ్లిషర్ డిస్ట్రిబ్యూటర్‌కి సరుకు అమ్మినప్పుడే అది అయిపోతుంది. మీ చేతికొచ్చేసరికి డిస్క్ రెండు మూడు చేతులు మారి ఉంటుంది.

సరుకు అమ్ముడుపోకపోతే తిరిగి ఇచ్చేసే పద్ధతిలో షాపులో పెట్టారనుకోండి, అప్పుడు షాపతను యజమానే కాదు కదా అనిపిస్తుంది. దానికీ అక్కడి వాణిజ్య కోడ్ 2-403లో జవాబుంది. ఆ రకం సరుకు అమ్మే వ్యాపారికి నమ్మి అప్పగించినది, మామూలుగా కొనుక్కున్న కస్టమర్‌కి దక్కుతుంది. ఆ అమ్మకం ఆ వస్తువు మీద ఇంకొకరి హక్కును కాలరాస్తోందని కస్టమర్‌కి తెలిసి ఉండకూడదు, అంతే. రిలీజ్ డేట్ తెలిసి కొనడం ఆ కోవలోకి రాదనే నా అభిప్రాయం. స్ట్రీట్ డేట్ రెండు కంపెనీల మధ్య బాకీ లాంటిది, డిస్క్ మీద హక్కు కాదు.

మన దగ్గర 1930 నాటి వస్తు విక్రయ చట్టం వర్తిస్తుంది. ఫలానా డిస్క్ అని తేలి, ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే, వేరే షరతు లేనప్పుడు బేరం కుదిరిన క్షణమే అది కొన్నవాడిది (సెక్షన్ 20). ప్రీ-ఆర్డర్ అలా కాదు. డబ్బు మొత్తం ముందే కట్టినా అది "అమ్ముతాననే ఒప్పందం" మాత్రమే. మీ కాపీ ఏదో ఇంకా తేలలేదు కాబట్టి సొంతం కాదు. పంపక ముందు షాపు రద్దు చేస్తే డబ్బు వెనక్కి, నష్టం ఉంటే పరిహారం అడగొచ్చు గానీ డిస్క్ నాదని అనలేరు. కొరియర్‌కి అప్పగించాక లెక్క మారుతుంది. రెండు రోజులు ముందొచ్చినా అది మీదే.

కాపీరైట్ వైపు మన చట్టం అంత తేటగా లేదు. 1957 చట్టం సెక్షన్ 14లో పుస్తకాల లాంటి వాటికి "ఇప్పటికే చలామణిలో ఉన్న ప్రతులు కానివి" అనే మాట ఉంది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లని అమ్మే హక్కు గురించి విడిగా చెప్పిన చోట ఆ మాట లేదు. అంతకుముందే అమ్ముడైన ప్రతికైనా హక్కు వర్తిస్తుందన్న మాటని 1999 సవరణలో తీసేశారు గానీ, సెకండ్ హ్యాండ్ వాదన ఇంకా సాగుతూనే ఉంది. షాపులో సీల్డ్ డిస్క్ కొన్నవాడికి ఇది పెద్ద తలనొప్పి కాదు. ఆ ప్రతిని బజారుకి పంపింది హక్కుదారుడే.

అసలు గీత గీయాల్సింది ముందే అమ్మిన సరుకుకీ, దొంగిలించిన సరుకుకీ మధ్య. 2023 ఆగస్టులో స్టార్‌ఫీల్డ్ రిలీజ్‌కి ముందు, కాపీలు దొంగిలించి ఆన్‌లైన్‌లో అమ్మాడని అమెరికాలోని మెంఫిస్‌లో ఒకరిని అరెస్టు చేశారు. అలాంటి కాపీకి పూర్తి డబ్బు ఇచ్చినా అది మీది కాదు, ఎందుకంటే దొంగకి లేని హక్కు మీకు రాదు. చెల్లని చెక్కు ఇచ్చి స్టాక్ తెచ్చుకున్న షాపు సంగతి వేరు. మోసపోయినవాడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసేలోపు, సంగతి తెలియకుండా కొన్నవాడికి మన సెక్షన్ 29 కింద హక్కు దక్కుతుంది. ఏ షాపుకీ స్టాక్ రాకముందే, బిల్లు లేకుండా, ఒకే మనిషి పదేసి కాపీలు అమ్ముతున్నాడంటే కొనకండి. కొన్న చోట జీఎస్టీ బిల్లు తీసుకుని, తేదీ, గేమ్ పేరు స్పష్టంగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

డిస్క్ మీదైనంత మాత్రాన ఆడగలరని కాదు. ప్లేస్టేషన్ డిస్క్ చాలాసార్లు నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ అవుతుంది. కాకపోతే పీఎస్5 స్లిమ్‌కి విడిగా తగిలించే డిస్క్ డ్రైవ్‌ని మొదటిసారి నెట్‌తోనే జత చేయాలి. ఎక్స్‌బాక్స్ కొన్ని గేమ్‌లకి మొదటిసారి సర్వర్‌ని అడుగుతుంది, తేదీ రాలేదంటే ఆగిపోతుంది. డబ్బాలో డిస్క్ బదులు కోడ్ ఉంటే తేదీ వరకూ అది ఉత్త కాగితమే. నింటెండో స్విచ్ 2 గేమ్-కీ కార్డులోనూ తాళంచెవి లాంటిది మాత్రమే ఉంటుంది, గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. 2025 జూన్ 5కి ముందే స్విచ్ 2 కన్సోల్ చేతికొచ్చినవాళ్లకీ ఇదే అనుభవం: సిస్టమ్ అప్‌డేట్ వచ్చేదాకా పెట్టె చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

అకౌంట్ మీ ఆస్తి కాదు, సర్వీసు. 2011లో మోడర్న్ వార్‌ఫేర్ 3 గేమ్ ముందే బయటికొచ్చినప్పుడు, తేదీకి ముందు ఆన్‌లైన్‌లో ఆడితే చర్యలుండొచ్చని ఎక్స్‌బాక్స్ లైవ్ తరఫున స్టీఫెన్ టూలూజ్ హెచ్చరించారు. 2016లో నో మ్యాన్స్ స్కై అనే గేమ్ కాపీని ఒకరు దాదాపు 1,300 డాలర్లకి ముందే కొన్నారు. రిలీజ్‌కి ముందు దాన్ని తయారు చేసిన హలో గేమ్స్ సర్వర్లు తుడిచేసింది, అప్పటిదాకా ముందు ఆడినవాళ్లు ఆటలో పేర్లు పెట్టిన గ్రహాలన్నీ పోయాయి. ఆడాలనుంటే నెట్ ఆపేసి ఆడండి. డే-వన్ ప్యాచ్ (రిలీజ్ రోజు వచ్చే సవరణ) రాని వెర్షన్‌లో సేవ్ చేసిన ఆట తర్వాత తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు. ఆటలో గెలుచుకునే ట్రోఫీల మీద తేదీ కూడా పడుతుంది.

వీడియో పెట్టడం ఇంకో సంగతి. డిస్క్ కొంటే దాన్ని పదిమందికీ ప్రదర్శించే హక్కు రాదు, ఆ హక్కు పబ్లిషర్ దగ్గరే ఉంటుంది. స్ట్రీమ్ తీసేయమంటే వాదించడానికి పెద్దగా మిగలదు. గేమ్‌ని డంప్ చేసి, అంటే డిస్క్‌లోంచి కాపీ తీసి, నెట్‌లో పెడితే నేరమే. రిలీజ్ కాని ప్రోగ్రామ్‌ని అందరికీ దొరికేలా పెట్టడాన్ని అమెరికా 2005లో ప్రత్యేక నేరం చేసింది, మూడేళ్ల దాకా జైలు. 2023 మే 12న రావాల్సిన జెల్డా గేమ్ అంతకుముందే పైరసీకి చిక్కింది. ఆ డౌన్‌లోడ్‌లు పది లక్షలు దాటాయని నింటెండో, యుజు ఎమ్యులేటర్ (స్విచ్ గేమ్‌లని కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) మీద వేసిన దావాలో చెప్పింది. అది 2024లో 24 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

కోర్టు నేరుగా కొన్నవాళ్ల మీదికి వచ్చిన సందర్భమూ ఒకటుంది, గేమ్ కాదు గానీ. 2005 జులైలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక షాపు హ్యారీ పాటర్ ఆరో పుస్తకం 14 కాపీలు పొరపాటున ముందే అమ్మింది. కొన్నవాళ్లు తేదీ వచ్చేదాకా వాటిని చదవకూడదనీ, వాటి గురించి మాట్లాడకూడదనీ ఆ ప్రావిన్స్ సుప్రీంకోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. డబ్బు కట్టి కొన్న పుస్తకాన్ని చదవొద్దనడం ఏమిటని న్యాయవాదులు అప్పుడే విమర్శించారు.