ఉదయం ఆరు గంటల బ్యాచ్

ఈగ మెదడులోని శరీర గడియారం ఎలా నడుస్తుందో చూడటం నా పని. టైమ్‌కోర్సు, అంటే రోజంతా నిర్ణీత వేళల్లో నమూనాలు తీసే ప్రయోగం, ఉన్న రోజు ల్యాబ్‌లో నిద్ర మాట మర్చిపోవాల్సిందే. మా ఇంక్యుబేటర్‌లో పండు ఈగలకు ఉదయం 8కి లైటు వెలుగుతుంది, రాత్రి 8కి ఆరిపోతుంది. నాలుగు గంటలకోసారి ఒక వయల్ (ఈగలున్న చిన్న సీసా) తీసి, వాటిని ఫిక్స్ చేస్తాను, అంటే రసాయనంతో ఆ క్షణంలో ఉన్నవి ఉన్నట్టు నిలిపేస్తాను. చీకటి బ్యాచ్‌లకు ఎర్ర లైటే వాడాలి, అది ఈగలకు దాదాపు కనిపించదు. మామూలు వెలుతురు తగిలితే ఆ గడియారంలో భాగమైన టైమ్‌లెస్ అనే ప్రొటీన్ విరిగిపోవడం మొదలవుతుంది. ఇక ఆ వయల్ పారేయడమే.

ఈగ మెదడు గసగసాల గింజంత కూడా ఉండదు. రెండు ఫోర్సెప్స్‌తో తల పైపెంకు చీల్చి, మెదడుకు అంటుకున్న తెల్లటి గాలి గొట్టాలను ఓపిగ్గా లాగేయాలి. అవి మిగిలితే మెదడు నీళ్ళలో తేలిపోతూ ఉంటుంది.

నేను చూసేది అదే గడియారంలోని పీరియడ్ అనే ప్రొటీన్‌ని. లక్షకు పైగా ఉన్న న్యూరాన్లలో గడియారం నడిపేవి సుమారు 150. నా కళ్ళు ముందు వెతికేది అటు నాలుగు, ఇటు నాలుగు ఉండే చిన్న కణాలనే. సాయంత్రం 6 బ్యాచ్‌లో వాటిలో పీరియడ్ దాదాపు ఉండదు. రాత్రి 10 ప్రాంతంలో దాని ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు పంపే నకలు) బాగా పెరిగి ఉంటుంది, ప్రొటీన్ మాత్రం ఇంకా అంతంతే. ఉదయం 6 బ్యాచ్‌లో న్యూక్లియస్ నిండా అదే!

ఆ ఆలస్యంలోనే ఉంది అసలు కిటుకు. పీరియడ్ న్యూక్లియస్‌లోకి వెళ్ళి తన జన్యువు పనినే ఆపేస్తుంది. పుట్టిన వెంటనే ఆపేస్తే దాని స్థాయి ఎక్కడో ఒకచోట నిలిచిపోయేది. డబుల్‌టైమ్ అనే ఎంజైమ్ వల్ల కొత్త పీరియడ్ త్వరగా నాశనమవుతుంది కాబట్టి, అది పోగవడానికి గంటలు పడుతుంది.

2017లో ఈ పరిశోధనకు నోబెల్ అందుకున్న హాల్, రాస్‌బాష్, యంగ్ పేర్లు అందరికీ తెలుసు. నా దృష్టిలో మొదట చెప్పుకోవాల్సింది రోనాల్డ్ కొనోప్కా పేరు. 1971లో సీమోర్ బెంజర్‌తో కలిసి, రోజు 19 గంటలైన ఈగల్ని, 28 గంటలైన ఈగల్ని, అసలు లయే లేని ఈగల్ని చూపించి, మూడింటి తేడా ఒకే జన్యువులో, ఈ పీరియడ్ జన్యువులోనే, ఉందని తేల్చాడు.

ఫిక్స్ చేసిన మెదడు ఒక్క క్షణాన్నే చెబుతుంది. అది తర్వాత ఏమయ్యేదో ఇంకో ఈగ చెప్పాలి. అందుకే ఏ బ్యాచ్‌నీ అరగంట అటూ ఇటూ కానివ్వను.

ఇప్పుడు పూర్తి చీకటి బ్యాచ్‌లు నడుస్తున్నాయి. లైటు లేకపోయినా చిన్న కణాల్లో పీరియడ్ లయ రోజుల తరబడి సాగుతుంది. వాటి దగ్గర్లోనే ఉండే పెద్ద కణాల్లో మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే సన్నగిల్లుతుంది. అందుకే రెండింటినీ విడివిడిగా కొలుస్తున్నాను.