సీడీఎల్, రెండు రాష్ట్రాలు, ఒక అడ్రస్: నా అనుభవం

అమెరికాలో పద్దెనిమిది చక్రాల బండి తోలాలంటే క్లాస్ ఏ సీడీఎల్ (కమర్షియల్ డ్రైవర్స్ లైసెన్సు, అంటే పెద్ద వాణిజ్య బండ్లకిచ్చే లైసెన్సు) కావాలి. ట్రాక్టరూ ట్రైలరూ కలిపి 26,001 పౌండ్లు, ఆపైన ఉండి, వెనక లాగేది 10,000 పౌండ్లు దాటిందంటే ఆ క్లాసే. పుస్తకం చదవడం, రివర్స్ కొట్టడం నేర్చుకోవడం కష్టపడితే వచ్చేవే. నా పనులు ఆగినవన్నీ అడ్రస్ దగ్గర, పేరు దగ్గర.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, రూలు రాసింది కేంద్రం. మనిషికి ఒకటే లైసెన్సు, అదీ అతని డొమిసైల్ రాష్ట్రం నుంచే. డొమిసైల్ అంటే మన స్థిరనివాసం: ఎక్కడెక్కడ తిరిగినా చివరికి తిరిగి వెళ్లాలనుకునే ఇల్లు. నెలలో ఇరవై ఐదు రోజులు క్యాబ్‌లోనే పడుకున్నా ఆ ఇల్లు మారదు. ట్రక్కింగ్ కంపెనీ టెర్మినల్ ఇల్లు కాదు, పోస్టాఫీసు బాక్సూ కాదు. ఎక్కడో ఉంటూ, టెస్టు తేదీ త్వరగా దొరుకుతుందని ఇంకో రాష్ట్రంలో స్నేహితుడి అడ్రస్ ఇచ్చేవాళ్లున్నారు. అది అబద్ధపు అప్లికేషన్ కిందికి వస్తుంది, దొరికితే లైసెన్సే పోతుంది. కేంద్ర నిబంధనలో అడ్రస్ రుజువుకు ఉదాహరణగా చెప్పింది ప్రభుత్వ ట్యాక్స్ పత్రం. కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఏవి ఒప్పుకుంటారో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. నేను ఏది పట్టుకెళ్లినా ఒకటి అదనంగా ఫైల్లో పెట్టుకునేవాణ్ణి.

మామూలు సీడీఎల్‌కు పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ చూపించాలి. మిగతా వీసాల వాళ్లకు ఉన్నది నాన్ డొమిసైల్డ్ సీడీఎల్ (అమెరికాలో స్థిరనివాసం లేనివాళ్లకిచ్చేది) ఒక్కటే. 2025 సెప్టెంబరు చివర వచ్చిన మధ్యంతర నిబంధన దాన్ని హెచ్2ఏ (తాత్కాలిక పొలం పనుల), హెచ్2బీ (ఇతర తాత్కాలిక పనుల), ఈ2 (పెట్టుబడిదారుల) వీసాలకే పరిమితం చేసింది. దాని మీద కోర్టులో వ్యాజ్యాలు కూడా నడిచాయి. కాబట్టి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చూసుకుని స్కూలు ఫీజు కట్టేయబోయే మనవాళ్లు, ఆ రోజు రూలు ఏమిటో లైసెన్సు ఆఫీసులో అడిగాకే డబ్బు తీయాలి.

ఇక పేరు. గ్రీన్‌కార్డులో ఇంటిపేరు చివర ఉంది, సోషల్ సెక్యూరిటీ కార్డులో పొట్టి అక్షరంగా మిగిలింది, పాత లైసెన్సులో రెండు పేర్లు కలిసిపోయాయి. కౌంటర్ వెనక మనిషి సోషల్ సెక్యూరిటీ రికార్డుతో పోల్చి చూస్తారు, కలవకపోతే అక్కడితో ఆగింది. పర్మిట్‌కు (నేర్చుకునేవాళ్లకు మొదట ఇచ్చే లైసెన్సు) వెళ్లేముందే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పేరు సరిచేయించుకుని ఉంటే నాకు రెండు తిరుగుళ్లు తప్పేవి.

పర్మిట్‌కు మూడు రాతపరీక్షలు: జనరల్ నాలెడ్జ్, ఎయిర్ బ్రేక్స్, కాంబినేషన్ (ట్రాక్టరూ ట్రైలరూ జోడించిన బండి). మూడింటికీ 80 శాతం రావాలి. పర్మిట్ వచ్చాక 14 రోజులు ఆగందే డ్రైవింగ్ టెస్టు పెట్టరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి తీసుకునేవాళ్లకు ఈఎల్‌డీటీ (కొత్త డ్రైవర్ల ప్రాథమిక శిక్షణ) తప్పనిసరి. ఇన్ని గంటలని లెక్కేమీ లేదు గానీ, స్కూలు పేరు కేంద్రం ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో ఉండాలి. ఫీజు కట్టేముందు ఆ పేరు వెతుక్కోండి. శిక్షణ వేరే రాష్ట్రంలో తీసుకోవచ్చు, ఆ రాష్ట్రం ఒప్పుకుంటే టెస్టూ అక్కడే ఇవ్వొచ్చు. ఫలితం మాత్రం మన రాష్ట్రానికే పోతుంది, లైసెన్సూ అక్కడే ఇస్తారు. ఒక సంగతి: ఆటోమేటిక్ గేర్ల బండి మీద టెస్టు ఇస్తే లైసెన్సు మీద ‘ఈ’ అనే ఆంక్ష పడుతుంది, ఆ తర్వాత మాన్యువల్ తోలకూడదు.

సీడీఎల్‌కు చేయించుకునే మెడికల్ పరీక్షలో చాలామందిని ఆపేది బీపీ. 140/90 లోపు ఉంటే రెండేళ్ల మెడికల్ కార్డు, 140–159/90–99 మధ్య ఉంటే ఏడాది. 180/110కు చేరితే ఆ రోజుకు తిరిగి రావడమే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు 5870 ఫారం వాళ్ల డాక్టరుతో నింపించుకోవాలి, మూడు నెలల షుగర్ రీడింగులు చూపాలి, కార్డు ఏడాదికి మించి ఇవ్వరు.

డ్రైవింగ్ టెస్టులో మొదట బండి తనిఖీ. అందులో ఎయిర్ బ్రేక్ పరీక్ష ఒక్కటి తప్పితే చాలు, టెస్టు అక్కడే అయిపోతుంది. చక్రాల కింద అడ్డాలు పెట్టి, గాలి 120–140 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కించి, ఇంజన్ ఆపి, తాళం మళ్లీ ఆన్‌కు తిప్పాలి. పసుపు, ఎరుపు నాబ్‌లు (ట్రాక్టరు, ట్రైలరు పార్కింగ్ బ్రేకులవి) రెండూ లోపలికి నొక్కి, పెడల్ గట్టిగా తొక్కి పట్టాలి. తొక్కగానే గాలి మీటరు ముల్లు ఒక్కసారి కొంచెం దిగుతుంది. ఆ దిగుడును లీకు అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. ముల్లు నిలబడ్డాకే నిమిషం లెక్కపెట్టాలి, ఆ నిమిషంలో 4 పీఎస్‌ఐకి మించి పడకూడదు. తర్వాత పెడల్‌ను తొక్కుతూ వదులుతూ గాలి తగ్గిస్తే ముందు హెచ్చరిక దీపం, బజర్ వస్తాయి. 45–20 మధ్య నాబ్‌లు టప్పుమని బయటికి రావాలి. చేస్తున్నదంతా పైకి చెప్పాలి. నోట్లో మాట రాకపోతే చేయి చేసినా మార్కు లేదు.

లైసెన్సు వచ్చాక డాలస్‌కు మారాను. టెక్సస్ కొత్తగా వచ్చినవాళ్లకు మామూలు లైసెన్సు మార్చుకోవడానికి 90 రోజులిస్తుంది. సీడీఎల్‌కు 30 రోజులే, అది కేంద్రం రూలు. నేనూ మొదట 90 అనే లెక్కలోనే ఉన్నాను. పాత రాష్ట్రం లైసెన్సు కార్డు టెక్సస్ లైసెన్సు ఆఫీసులోనే ఇచ్చేయాలి. బండి నడిపే టెస్టు మళ్లీ పెట్టలేదు. హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు తోలే అనుమతి) ఉంచుకోవాలంటే మాత్రం గత రెండేళ్లలో ఆ పరీక్ష పాసయి ఉండాలి, లేదా ఆ శిక్షణ పూర్తి చేసి ఉండాలి. లేకపోతే మళ్లీ రాయాల్సిందే.

కార్డు పోస్టులో వచ్చిందని ఊరుకోకూడదు. కొత్త రాష్ట్రం రికార్డు తీయించి, అందులో మెడికల్ ‘సర్టిఫైడ్’ అని ఉందో లేదో చూడాలి. పాత రాష్ట్రంలో నమోదై కొత్తదాంట్లో ఎక్కకపోతే మెడికల్ కార్డు మీద తేదీ ఎంత దూరం ఉన్నా మెడికల్ లేనట్టే లెక్క, 60 రోజుల్లో సీడీఎల్‌ను మామూలు లైసెన్సుగా దింపేస్తారు. ఆ సంగతి చాలామందికి తెలిసేది రోడ్డు పక్కన, తూకం కాటా దగ్గర.