వాకిలి దిక్కు తిరిగి కూర్చుంటే

హన్మకొండలో మేం కట్టుకుంటున్న ఇంట్లో భోజనాల గది ఎలా ఉండాలో తేలక నెల రోజులుగా టెన్షన్. కిటికీ ఎక్కడ పెట్టాలని మేస్త్రీ రోజూ అడుగుతున్నాడు. పరకాల దాటాక మా మేనత్త వాళ్ల ఊళ్లో పాత చుట్టు భవంతి ఇల్లు, అంటే నడుమ వాకిలి, చుట్టూ గదులున్న ఇల్లు, ఇంకా గట్టిగా ఉంది. అది చూసొద్దామని ఆదివారం బయల్దేరాను.

ముందురోజు రాత్రి హన్మకొండలోనే ఒక కొత్త రెస్టారెంట్‌లో తిన్నాం. పైనంతా నీలం లైట్లు. ఎదుట ఉన్నది బగారా అన్నమో తెల్లన్నమో తెలియలేదు. నేల టైల్స్, గోడలు అద్దాలు, ఎక్కడా గుడ్డముక్క లేదు. పక్క బల్ల మీద చెంచా పడినా చెవిలో మోగింది. నా బిడ్డ సగంలోనే లేచింది.

పొద్దున కొత్తవాడలో ఆగి అత్తమ్మకు ఒక జంపఖానా కొన్నాను. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఇవే. ముదురు ఎరుపు మీద నీలం చారలు, చేతికి బరువుగా మంచి నూలు.

అత్తమ్మ ఇంట్లో భోజనాల గది అంటూ లేదు. వంటర్ర ముందు వసారాలోనే బంతి. నేను గోడవైపు తిరిగి కూర్చోబోతే ఆపింది.

"అట్ల కాదు బిడ్డా, వాకిలి దిక్కు తిరిగి కూసో. ఇస్తరాకుల ఏం పడ్డదో కనవడాలె."

తిరిగి కూర్చున్నాక తెలిసింది. నడిమి వాకిట్లో పడ్డ ఎండ గచ్చు మీంచి ఎగిరి పెంకుల కప్పు కిందికి మెత్తగా వస్తోంది. నెత్తిమీది నుంచి వచ్చే వెలుతురు కాదు కాబట్టి వంగి తింటున్నా మన నీడ ఆకు మీద పడదు. మోదుగ ఇస్తరాకులో వేడన్నం పడగానే ఆకు వాసన లేచింది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్క అంచున ఊదారంగు, దాని పక్కన తేలే నువ్వుల పొడి, అన్నీ విడివిడిగా కనిపించాయి.

హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల ఉంది. అక్కడ తినేవాళ్లు ఎదురెదురుగా ఉంటారు, వడ్డించేవాళ్లు వీపు వెనక నిలబడాలి. ఇక్కడ అందరం గోడకు ఆనుకుని ఒకే వరుస. అత్తమ్మ ఎదురుగా నడుస్తుంటే ఎవరి ఆకు ఖాళీ అయిందో ఆమెకు ఒక్క చూపులో తెలుస్తోంది, అడిగే పనే లేదు. మర్యాద అంటే నాకు ఇదే అనిపిస్తుంది. ఆరుగురం మాట్లాడుకుంటున్నా గోల లేదు. దూలాలు, పెంకులు, కింద కొత్త జంపఖానా, అన్నీ చప్పుడును మింగేస్తున్నాయి.

వానాకాలంలో తినే లోపలి అర్ర కూడా చూపించింది. కిటికీ కింది అంచు నేలకు రెండు జానల ఎత్తులోనే ఉంది. వంగి కొలిచాను. కింద కూర్చున్న మనిషి కంటికి చింతచెట్టు మొదలు నుంచీ కనిపిస్తుంది. నిలబడితే పెద్దగా కనిపించేదేమీ లేదు. తినేవాళ్ల కోసమే పెట్టిన కిటికీ అది.

అక్కడి నుంచే మేస్త్రీకి ఫోన్ చేశాను.

"అందరికీ మూడడుగుల మీదనే పెడ్తున్నం సార్."

"మాకు అడుగున్నర మీద పెట్టు. మేం కింద కూర్చుని తింటాం."

"పిల్లలు ఎక్కుతరు గద?"

"గ్రిల్ పెడదాం."

అత్తమ్మ లోపల్నుంచి కేకేసింది, మజ్జిగ పోసిందట.