ప్రొలాక్టిన్ 68: నా అనుభవం

పీరియడ్స్ ఆగిపోయాయి. గర్భం కాదని పరీక్షలో తేలింది. చంటిబిడ్డ లేకపోయినా రొమ్ముల నుంచి పాలు రావడం మొదలైంది. కావలిలో రక్తపరీక్ష చేయిస్తే, పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ 68. ఆడవాళ్లకు మామూలుగా 25 లోపే ఉండాలి. ఫోన్‌లో వెతికితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ అని కనిపించి టెన్షన్ పట్టుకుంది. మా ఆయన అప్పుడే ఎంఆర్ఐ ఖర్చు కనుక్కోవడం మొదలుపెట్టాడు.

నెల్లూరులో హార్మోన్ల డాక్టరమ్మ స్కాన్ మాటే ఎత్తలేదు. "ఏం మందులు వాడుతుండావమ్మా?" అని అడిగి, థైరాయిడ్ పరీక్ష రాశారు. ప్రొలాక్టిన్ కూడా మళ్లీ చేయించమన్నారు. నిద్రలో అది పెరుగుతుందట, భయపడినా పెరుగుతుందట. అందుకని లేచిన రెండు మూడు గంటల తర్వాత, ల్యాబులో కాసేపు ఊరికే కూర్చోబెట్టి రక్తం తీశారు. థైరాయిడ్ బాగానే ఉంది, ప్రొలాక్టిన్ మాత్రం 61.

అప్పుడు బ్యాగులోంచి నా గ్యాస్ క్యాప్సూల్ షీటు తీసి చూపించాను. అందులో పాంటాప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉంది. మెదడు నుంచి వచ్చే డోపమైన్ అనే రసాయనం ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచుతుంది. డోంపెరిడోన్ ఆ డోపమైన్‌ను పనిచేయనివ్వదు. ఈ మందు మెదడులోకి పెద్దగా వెళ్లదు గానీ, పిట్యూటరీ మెదడు రక్షణపొరకు బయట ఉంటుంది కాబట్టి అక్కడ దెబ్బ తగులుతుంది. గ్యాస్ మందుకీ పాలకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు!

ఒంగోలులో ఫార్మసీ చదివే మా పిన్ని కొడుకు ఇంకోటి అందుకున్నాడు. "అక్కా, నువ్వు తినే చాక్లెట్లలో ఫినైల్‌ఎథిలమైన్ ఉంటుంది. అదొక ట్రేస్ అమైన్, అంటే ఒంట్లో చాలా కొద్దిగా ఉండే రసాయనం, డోపమైన్ మీద పనిచేస్తుంది" అని. డాక్టరమ్మను అడిగితే నవ్వారు. తిన్నదాంట్లో చాలావరకు ఒంట్లోని ఎంజైములే విరిచేస్తాయట, చాక్లెట్‌తో ప్రొలాక్టిన్ మారదట. వాడు వదల్లేదు. ట్రేస్ అమైన్లు వచ్చి అతుక్కునే గ్రాహకం టార్-1ను 2001లో కనుగొన్నారనీ, దానిమీద పనిచేసే ఉలోటరాంట్ అనే స్కిజోఫ్రీనియా మందు డోపమైన్ గ్రాహకాలను మూసేయదు కాబట్టి ప్రొలాక్టిన్‌ను పెద్దగా పెంచలేదనీ చెప్పాడు. అదే జబ్బుకు వాడే రిస్పెరిడోన్ అయితే బాగా పెంచుతుందట. పాపం, ఉలోటరాంట్ 2023 ట్రయల్స్‌లో మందు లేని ఉత్తుత్తి మాత్రను మించలేకపోయింది.

డాక్టరమ్మ చెప్పాకే క్యాప్సూల్ ఆపాను. మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదని గట్టిగా చెప్పారు. తర్వాతి రిపోర్టులో ప్రొలాక్టిన్ 17. పీరియడ్ వచ్చింది, ఎంఆర్ఐ తప్పింది. ఇప్పుడు ఉత్త పాంటాప్రజోల్ రాశారు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానమన్నారు. మాత్ర వేసుకుంటున్నాను.