రీడింగుల పుస్తకాలు

2024 ఫిబ్రవరి 12, సోమవారం

ఈ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, తమ్ముడి రీడింగుల పుస్తకాలను సంవత్సరాల వరుసలో పేర్చి గుడ్డ సంచిలో సర్దాను. మొత్తం పదకొండు ఉన్నాయి. కిరాణా కొట్లలో పద్దులు రాసుకునే పొడవాటి పుస్తకాలవి. అట్టలు జిడ్డుపట్టి నల్లబడ్డాయి. పెట్రోలు బంకులో షిఫ్టు ఎక్కేటప్పుడు ప్రతి నాజిల్ మీటరు ఎంత చూపించిందో, దిగేటప్పుడు ఎంత చూపించిందో, డిప్పు రాడ్డు వేస్తే ట్యాంకులో ఎంత సరుకు తేలిందో, చేతికి ఎంత డబ్బు వచ్చిందో పదహారేళ్ళపాటు తమ్ముడు వాటిలో రాసుకున్నాడు. బంకువారు రాయమన్న లెక్కలు కావవి. చేరిన కొత్తలో ఒకసారి తొమ్మిది వందల రూపాయల తేడా వచ్చి జీతంలో కోసుకున్నారట. ఆనాటి నుండి తన లెక్క తన దగ్గర ఉండాలని మొదలుపెట్టాడు. దొంగ అనిపించుకోకుండా ఉండటానికి రాసుకున్న పుస్తకాలే ఇప్పుడు అతడు అక్కడ పనిచేశాడనడానికి మాకు మిగిలిన ఆధారం.

అతడి జబ్బుకు నష్టపరిహారం అడిగే దరఖాస్తు విషయమై తమ్ముడిని కూడా తీసుకురమ్మని వకీలుగారు చెప్పడం వల్ల ఇద్దరం రాజోలులో అమలాపురం వెళ్ళే ఆరున్నర బస్సు ఎక్కాము. అంతర్వేది తీర్థం దగ్గరపడటంతో బస్సు ఇసుక వేస్తే రాలనంతగా నిండిపోయింది. తమ్ముడి మూతికి ఉన్న మాస్కు చూసి ఒక కుర్రవాడు లేచి సీటు ఇచ్చాడు. రోడ్డుకు రెండు వైపులా దాళ్వా వరి పచ్చగా ఉంది. ఈ జబ్బు రాకముందు తమ్ముడు పనిమీద పోతూ వస్తూ ఆ చేలను చూసి దిగుబడి అంచనా వేసేవాడు. ఈ రోజు మాత్రం కళ్ళు మూసుకొని కూర్చున్నాడు.

2022 ఆగస్టులో ఒకరోజు బంకులోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ పనికి వెళ్ళలేదు. అంతకు ముందు మూడు నెలలుగా చిగుళ్ళ నుండి నెత్తురు కారుతున్నా, కాళ్ళమీద నల్లని మచ్చలు లేస్తున్నా మరదలికి కూడా చెప్పలేదు. రక్తపరీక్ష చేయించి, ఎముక మూలుగు తీసి చూసిన తర్వాత అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అని తేల్చారు. ఊళ్ళో అందరూ బ్లడ్ క్యాన్సర్ అంటారు. అతడికి చుట్ట లేదు, బీడీ లేదు, మందు లేదు. ఏ పాపం చేశాడని ఈ జబ్బు వచ్చిందని అమ్మ దేవుడి పటం ముందు కూర్చొని అడిగేది. నేను ముప్పయ్యేళ్ళు భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పినవాడిని. బెంజీన్ అణువును షడ్భుజిగా నల్లబల్ల మీద ఎన్ని వందలసార్లు గీశానో లెక్కలేదు. పెట్రోలులో బెంజీన్ ఉంటుందని, అది ఎముక మూలుగును దెబ్బతీస్తుందని, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దానిని మనుషులకు నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చిందని తెలిసి కూడా, నా తమ్ముడు రోజుకు పన్నెండు గంటలు ఆ ఆవిరిలో నిలబడుతున్నాడన్న సంగతిని ఆ షడ్భుజితో ఒక్కనాడూ ముడిపెట్టి చూడలేదు. జిడ్డు చేతులను పెట్రోలుతోనే కడుక్కునేవాడు. ట్యాంకరు వచ్చినప్పుడు మూత తీసి వంగి చూసేది అతడే. రాత్రి ఇంటికి వస్తే చొక్కా నుండి తియ్యని వాసన వచ్చేది. వాహన ఇంధనాలకు 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలవుతున్న బి.ఎస్.-6 ప్రమాణం ప్రకారం పెట్రోలులో బెంజీన్ ఒక శాతానికి మించకూడదు. అతడు చేరిన 2006 నాటికి ఇంకా ఆ బి.ఎస్.-6 ప్రమాణం రాలేదు.

వకీలుగారి గది అమలాపురంలో ఒక మెట్ల సందులో ఉంది. ఆయన నా పాత విద్యార్థి కాకపోయినా మాస్టారూ అనే పిలుస్తారు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టాన్ని ముందు పెట్టుకొని, దాని మూడవ షెడ్యూలులో 'బి' భాగం తీసి, బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు అందులో ఉన్నాయని వేలు పెట్టి చూపించారు. ఆ భాగంలోని పనిని ఒకే యజమాని దగ్గర ఎడతెగకుండా ఆరు నెలలకు తక్కువ కాకుండా చేసిన ఉద్యోగికి ఆ జబ్బు వస్తే, దానిని పనిలో జరిగిన ప్రమాదంగానే చట్టం భావిస్తుందట. అది పని వల్ల రాలేదని నిరూపించే భారం యజమానిదేనట. ఇది విని నాకు ప్రాణం లేచివచ్చింది. జబ్బుకు కారణం నిరూపించడమే అసాధ్యమనుకొని ఇన్నాళ్ళూ నేను భయపడ్డాను. వకీలుగారు నా ముఖం చూసి, "అంత సంతోషపడకండి మాస్టారూ, జబ్బు పని వల్ల వచ్చిందని చట్టం ఊహించుకుంటుంది గాని, మీవాడు ఆ పని చేశాడని ఊహించుకోదు" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. జీతం ఎప్పుడూ చేతికే ఇచ్చేవారు. గత నెల నేను బంకు యజమాని దగ్గరకు వెళ్ళి సర్వీసు కాగితం అడిగితే, ఆయన టీ తెప్పించి, ఎంతో మర్యాదగా, రిజిస్టరులో మీ తమ్ముడి పేరు లేదని చెప్పారు. పది మంది పనివారు ఉంటే యజమాని వారికి ఈ.ఎస్.ఐ., అంటే ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకానికి చందా కట్టాలి. ఆ బంకు పుస్తకాల్లో ఎన్నడూ తొమ్మిదిమందే ఉన్నారు. అందరూ ఎదుట కనిపిస్తున్నా లెక్కకు మాత్రం అందకపోవడం మా ప్రాంతంలో కొత్త విద్య కాదు. ఈ.ఎస్.ఐ. ఉండి ఉంటే వైద్యంతో పాటు వైకల్య భత్యం కూడా వచ్చేది, ఈ చట్టం గడప తొక్కవలసిన అవసరం ఉండేది కాదు. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కీమో గడిచింది గాని, ప్లేట్‌లెట్లకూ ప్రయాణాలకూ రెండెకరాల కౌలు డబ్బు, మరదలి గాజులు అయిపోయాయి.

వకీలుగారు పుస్తకాలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. షిఫ్టు మారేటప్పుడు కొన్ని పేజీల్లో పక్క కుర్రవాళ్ళు పెట్టిన సంతకాలు, రెండు మూడు చోట్ల మేనేజరు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కులు ఆయనకు బాగా నచ్చాయి. ఆ మీటరు అంకెలను బంకు అమ్మకాల రికార్డుతో పోల్చమని, పరిహారం దరఖాస్తులు విచారించే కమిషనరును అడగవచ్చని, అవి కలిస్తే పేరు లేదన్న మాట నిలవదని అన్నారు. పని మానిన మొదటి రోజు నుండి రెండేళ్ళలోపు దరఖాస్తు పడాలి కాబట్టి ఆగస్టు దాటనివ్వకూడదని, ఆలస్యానికి తగిన కారణం చూపితే క్షమించే వీలున్నా దానిమీద ఆశ పెట్టుకోవద్దని హెచ్చరించారు. డాక్టరుగారి ఉత్తరంలో "పెట్రోలు ఆవిరి సోకిన చరిత్ర ఉన్నదని రోగి చెప్పెను" అని మాత్రమే ఉంది. దానిని ఇంకాస్త స్పష్టంగా రాయించుకురమ్మన్నారు.

తరువాత కాగితం మీద లెక్క వేశారు. నెల జీతం 12,000. పని మానేనాటికి తమ్ముడికి యాభై నిండాయి, ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 153.09. పనిచేసే శక్తి నూటికి నూరుపాళ్ళు పోయిందని తేలితే జీతంలో 60 శాతాన్ని దానితో గుణించాలి, 11,02,248 వచ్చింది. దాని కింద ఆయన మాటా పలుకూ లేకుండా ఇంకో లెక్క వేశారు. జీతంలో 50 శాతం, అదే గుణకం, 9,18,540. ఆ రెండవది దేనికని తమ్ముడు అడిగాడు. వకీలుగారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. తమ్ముడికి అర్థమైంది. "ఫరవాలేదన్నయ్యా, బతికుంటేనే నాకు రేటు ఎక్కువ పలుకుతోంది" అని నవ్వాడు. ఏడాదిన్నరలో అతడు అలా నవ్వడం చూడలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

లేచేముందు ఆయన మరో తీర్పు చూపించారు. ఆస్బెస్టాస్ కార్మికుల విషయంలో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చినది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని, ఆ పరిశ్రమల్లో పనివాడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుండి నలభై ఏళ్ళు లేదా పని మానిన తరువాత పదిహేనేళ్ళు, ఏది తరువాత ముగిస్తే అంతవరకు ఉంచాలని అందులో ఉంది. పెట్రోలు బంకులకు నేరుగా వర్తించకపోయినా వాదనలో పనికివస్తుందట. తిరుగు బస్సు బోడసకుర్రు వంతెన దాటి పాశర్లపూడి చేరుతుండగా ఆ తేదీ నా మనసులో మెదిలింది. 1995 జనవరి 8న అక్కడి చమురు బావి అంటుకొని 65 రోజులు మండింది. ఢిల్లీలో ఆ తీర్పు చదువుతున్న రోజున నేనూ తమ్ముడూ ఏటిగట్టు మీద నిలబడి ఆ వెలుగు చూస్తూ ఉండి ఉంటాము. ఆ మంటకు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. చొక్కాకు పట్టిన వాసనకు ఎవరు ఖాళీ చేయిస్తారు?

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. తమ్ముడు చారన్నం నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు.

అసలు బెంగ చివరి పుస్తకం గురించి. 2022 జులై వరదలో గట్టు లోపల ఉన్న తమ్ముడి ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు అది తడిసింది. ఎండబెట్టినా సగం పేజీల్లో సిరా అలుక్కుపోయింది. పరిహారం లెక్కకు చివరి పన్నెండు నెలల జీతమే ముఖ్యమని వకీలుగారు చెప్పారు. ఆ నెలలే అందులో ఉన్నాయి. దీపాలు పెట్టే వేళకు తమ్ముడు లేచి, ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, "ఇవన్నీ నాకు గుర్తున్నాయి అన్నయ్యా, పెన్ను ఇయ్యి, పైన దిద్దేస్తాను" అన్నాడు. ఒక్క అక్షరం కూడా దిద్దవద్దని వకీలుగారు గట్టిగా చెప్పిన సంగతి గుర్తుచేశాను. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అలుక్కుపోయిన ఒక పేజీని దీపం వైపు తిప్పి పట్టుకొని, మొదటి నాజిల్ అంకెలను పైకి చదవడం మొదలుపెట్టాడు. నేను విడిగా ఒక తెల్లకాగితం తీసుకొని, తేదీ వేసి, "తమ్ముడు జ్ఞాపకం నుండి చెప్పినవి" అని పైన రాసి, చెప్పినవి చెప్పినట్టు రాసుకున్నాను. తొమ్మిది పేజీలు అయ్యేసరికి అతడికి దగ్గు వచ్చింది. మరదలు వచ్చి, "ఇక చాలు బావగారూ, రేపు రాసుకుందురు" అని పుస్తకం తీసుకొని, పేజీల మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి, బీరువాలో పట్టుచీర కింద దాచింది.