బల్ల దగ్గర ఎవరు మిగిలిపోయారు?

"క్రైస్తవ సంఘం కాలానికి తగ్గట్టు మారాలి" అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి గిటార్లు, స్క్రీన్లు, ప్రసంగం ఎన్ని నిమిషాలుండాలి అన్న దగ్గరికే చేరుతుంది. పెద్దలకు పాత కీర్తనలు కావాలి, యూత్‌కి కొత్త పాటలు కావాలి, మధ్యలో పాస్టర్ గారికి టెన్షన్. ఈ చర్చ వచ్చినప్పుడల్లా నేను బైబిల్లో తొలి సంఘం కథ చెప్పే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తెరుస్తాను. ఎందుకంటే అక్కడ జరిగింది ఒక గొడవ.

"అనుదిన పరిచర్యలో తమలోని విధవరాండ్రను చిన్నచూపు చూచిరని" సంఘంలోని గ్రీకు భాష మాట్లాడే యూదులు, అదే సంఘంలోని హెబ్రీయుల (స్థానిక భాష మాట్లాడే యూదుల) మీద సణిగారు. సంఘం బ్రహ్మాండంగా పెరుగుతున్న రోజులవి. వాక్యం చెప్పేది సాక్షాత్తూ యేసుతో తిరిగిన అపొస్తలులు, పైగా అద్భుతాలు జరుగుతున్నాయి. ఇన్ని ఉన్నా కొంతమంది విధవరాళ్లకు మాత్రం భోజనం సరిగ్గా అందడం లేదు. ఆ పుస్తకం రాసిన లూకా ఈ సంగతి దాచకుండా రాశాడు, అది నాకు భలే నచ్చుతుంది. మనమైతే వార్షికోత్సవ పుస్తకంలో ఆ పేరా తీసేసేవాళ్లం.

అపొస్తలులు సణిగినవాళ్లను "మీకు విశ్వాసం తక్కువ" అని కసరలేదు. అందర్నీ పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఆ పేర్లు ఒకసారి నిదానంగా చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. చివరి ఆయనైతే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. అంటే ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో దాదాపు ఆ వైపు వాళ్ల చేతికే పంపిణీ అప్పగించినట్టుంది. ఈ రోజుల్లో మనం ఏం చేస్తాం? ఒక కమిటీ వేస్తాం, అందులో మళ్లీ పాతవాళ్లనే కూర్చోబెడతాం, యువత నుంచి ఒకర్ని తీసుకుని ప్రొజెక్టర్ పని అప్పగిస్తాం. ఇక డబ్బు లెక్కలు, నిర్ణయాలు ఆ పిల్లవాడి దాకా రానే రావు. తర్వాత "యూత్ ఎందుకు నిలవడం లేదు?" అని ఉపవాస ప్రార్థన పెడతాం.

భోజనాల దగ్గర నిలబడే ఆ పనికి అడిగిన అర్హత కూడా చూడండి, "ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొని" ఉండాలట. ఆ గొడవ తీరాక 7వ వచనంలో దేవుని వాక్యం ప్రబలమైందనీ శిష్యుల సంఖ్య బాగా విస్తరించిందనీ ఉంది. వడ్డన సరిచేయడానికీ వాక్యం వ్యాపించడానికీ మధ్య ఒక్క పేరా దూరం కూడా లేదు.

సండేస్కూల్ సంగతీ ఇలాంటిదే. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు పేద పిల్లల కోసం ఆదివారం బడి పెట్టించాడు. వారమంతా పనిలో ఉండే ఆ పిల్లలకు ఖాళీ దొరికేది ఆదివారమే. అక్కడ వాక్యంతో పాటు చదవడం నేర్పారు, వాళ్లకు అప్పుడు కావలసింది అదే మరి. విశ్రాంతి దినాన బడేమిటని అభ్యంతరం చెప్పిన భక్తులూ లేకపోలేదు. ఇప్పుడు అదే సండేస్కూల్ మనకు ముట్టుకోకూడని సంప్రదాయం!

2020లో లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూతపడ్డప్పుడు ఆరాధన ఫోన్లోకి వచ్చింది. మంచం దిగలేని పెద్దవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, ఆదివారం షిఫ్టులు చేసేవాళ్లు ఎంతోమంది మళ్లీ సంఘంతో కలిసి పాడగలిగారు. అది మంచిదే, ఆపకూడదు కూడా. కానీ లైవ్‌లో "ఆమెన్" అని టైప్ చేసిన మనిషి ఈ వారం ఉద్యోగం పోగొట్టుకున్నాడో, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడో ఆ స్క్రీన్ చెప్పదు. సోమవారం ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. ఇప్పుడు ప్రసంగం రాసిపెట్టే కృత్రిమ మేధ కూడా వచ్చేసింది. మూడు పాయింట్లు, వాటికి వచనాలు క్షణంలో ఇస్తుంది గానీ, రెండో వరసలో ఎప్పుడూ కూర్చునే ఆవిడ నెల రోజులుగా ఎందుకు రావడం లేదో దానికెలా తెలుస్తుంది?

ఇక ప్రశ్నలు అడిగే పిల్లల గురించి. సైన్స్ గురించో, బాధ గురించో, సంఘంలో డబ్బు ఎటు పోతోందనో అడగ్గానే "ఎదురు మాట్లాడుతున్నాడు" అన్న ముద్ర పడిపోతుంది. యేసు తిరిగి లేచాడంటే ఆయన శిష్యుడైన తోమా "నమ్మనే నమ్మను" అని తెగేసి చెప్పాడు కదా, అయినా యోహాను 20లో ఎనిమిది దినాల తర్వాత శిష్యులు మళ్లీ లోపల కూడుకున్నప్పుడు అతను వాళ్లతోనే ఉన్నాడు. ఎవరూ బయటికి పంపలేదు. నమ్మకం కుదరని ఆ వారం రోజులూ అతనికి అక్కడ చోటుంది. డబ్బు మాటకొస్తే, అపొస్తలుడైన పౌలు సంఘాల కానుక చేరవేసేటప్పుడు తన మీద ఎవరూ తప్పు మోపకుండా తోడుగా మనుషుల్ని పెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8). లెక్క అడిగితే మనకే ఎందుకో కోపం.

వడ్డనకు ఎన్నుకున్న ఆ ఏడుగురిలో ఫిలిప్పు ఏమయ్యాడో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది. గాజాకు పోయే అరణ్య మార్గంలో ఐతియొపీయుడైన నపుంసకుడి రథం వెంట పరుగెత్తి, ఆయన చదువుతున్న యెషయా గ్రంథం అర్థమవుతోందా అని అడిగాడు. పాత నిబంధన ధర్మశాస్త్రంలోని ద్వితీయోపదేశకాండము 23 ప్రకారం అలాంటివాడికి యెహోవా సమాజంలో ప్రవేశమే లేదు. అయినా ఫిలిప్పు రథం ఎక్కి పక్కన కూర్చుని, ఆయన అడిగిన ప్రశ్న దగ్గర్నుంచే మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు. దారిలో నీళ్లు కనబడగానే ఆ మనిషి "నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి?" అన్నాడు. ఫిలిప్పు ఏ ఆటంకమూ వెతకలేదు, యెరూషలేముకు వెళ్లి పెద్దల్ని అడిగి వస్తానని కూడా అనలేదు, ఇద్దరూ నీళ్లలోకి దిగారు.