గేమింగ్ పీసీతో మైనింగ్: కార్డు సంగతి తర్వాత, ముందు కరెంటు శ్లాబ్ చూడండి

హైదరాబాద్‌లో నెలకు 190 యూనిట్లు కాలే ఇల్లు ఒకటి అనుకోండి. 2022-23 టారిఫ్ రేట్ల ప్రకారం తొలి వందకు రూ.3.40, మిగతా 90కి రూ.4.80 చొప్పున ఎనర్జీ చార్జీ రూ.772. ఆ ఇంట్లో గోడ సాకెట్ నుంచి 200 వాట్లు లాగే పీసీని నెలంతా ఆపకుండా మైనింగ్‌కు, అంటే క్రిప్టో కాయిన్ల కోసం లెక్కలు కట్టే పనికి పెడితే ఇంకో 144 యూనిట్లు కాలతాయి. మొత్తం 334. మెలిక ఇక్కడుంది. 200 దాటగానే ఇల్లు పై కేటగిరీలోకి వెళ్తుంది, మొదటి 200 యూనిట్ల ధర కూడా మారిపోతుంది. ఆ 200కి రూ.5.10, తర్వాతి వందకు రూ.7.70, చివరి 34కి రూ.9. బిల్లు రూ.2,096. పెరిగింది రూ.1,324. అంటే మైనింగ్‌కు కాలిన ఒక్కో యూనిట్ రూ.9.19 పడింది. చివరి శ్లాబ్ ధర రూ.9 అయితే, మనకు పడింది అంతకన్నా ఎక్కువ. అదే ఇంటికి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తూ ఉంటే మొత్తం రూ.2,096 మైనింగ్ ఖాతాలోనే రాసుకోవాలి. యూనిట్ రూ.14.50 పైమాటే.

ఆంధ్రలో ఈ దెబ్బ కాస్త మెత్తగా ఉంటుంది, ఎందుకంటే కింది శ్లాబుల ధర పోదు. 200 యూనిట్ల ఇల్లు 344కి చేరితే 25 యూనిట్లు రూ.6 చొప్పున, 119 యూనిట్లు రూ.8.75 చొప్పున, కలిపి రూ.1,191. యూనిట్‌కు రూ.8.27. పాత ఖర్చుల సర్దుబాటు కింద వేసే ట్రూ అప్, సుంకం, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. టారిఫ్ ఆర్డర్ మారితే అంకెలు మారతాయి, కానీ బిల్లును పీసీ లేకుండా ఒకసారి, పీసీతో ఒకసారి కట్టి తేడా చూడటమే పద్ధతి. సగటు ధరతో లెక్కేసినవాళ్లందరికీ కాగితం మీద లాభమే కనిపిస్తుంది.

ఆ 200 వాట్లు కూడా గోడ దగ్గర కొలిచినవే కావాలి. గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్ 120 వాట్లు అంటే అది కార్డు ఒక్కటే. బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్లు, పవర్ సప్లైలో వేడిగా పోయేది కలిస్తే 190 దాకా తేలొచ్చు. యూనిట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి కొని ఒక రోజంతా రీడింగ్ తీయండి. మైనింగ్ కోసం కొనాల్సిన మొదటి వస్తువు అదే, చాలామందికి చివరిది కూడా అదే.

ఇక ఏం తవ్వాలి? బిట్‌కాయిన్ మాట మరిచిపోండి. దానికోసమే చేసిన ఆంట్‌మైనర్ ఎస్21 యంత్రం ఒక్కటే సెకనుకు 200 టెరాహ్యాష్‌లు, అంటే 200 లక్షల కోట్ల లెక్కలు కొడుతుంది, గ్రాఫిక్స్ కార్డు దాని పక్కన లెక్కలోకే రాదు. గేమింగ్ కార్డులకు అసలు బంగారు గని ఎథీరియం. 2022 సెప్టెంబర్ 15న అది మైనింగ్‌ను పూర్తిగా వదిలేసింది. దాని మీద బతికిన కార్డులన్నీ ఎథీరియం క్లాసిక్, రేవెన్‌కాయిన్, ఎర్గో లాంటి చిన్న కాయిన్ల మీద పడ్డాయి, ఉన్న ముద్ద ముక్కలైపోయింది. కాస్పా కొన్నాళ్లు ఆశ చూపించింది, 2023లో దానికీ ఆ ఒక్క పనికే చేసిన ఏసిక్ యంత్రాలు వచ్చేశాయి. ఇంట్లో పీసీకి నిలకడగా మిగిలింది మొనెరో. అది కార్డుతో కాదు, ప్రాసెసర్‌తో తవ్వేది. 2019 నవంబర్ నుంచి వాడుతున్న రాండమ్ఎక్స్ అనే పద్ధతిని మామూలు ప్రాసెసర్లకు అనుకూలంగానే కట్టారు.

మొనెరో రాబడి లెక్కకు ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు. రెండు నిమిషాలకో బ్లాక్ (లావాదేవీల కట్ట), బ్లాక్‌కు 0.6 కాయిన్, అంటే రోజుకు 432. నెట్‌వర్క్ డిఫికల్టీని, అంటే ఒక బ్లాక్‌కు సగటున కట్టాల్సిన లెక్కలను, 120 సెకన్లతో భాగిస్తే మొత్తం హ్యాష్‌రేట్, అంటే అందరూ కలిసి సెకనుకు కట్టే లెక్కలు వస్తాయి. అది సెకనుకు 5 గిగాహ్యాష్‌లు అనుకుందాం. రైజెన్ 5 5600 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్ ఏడున్నర కిలోహ్యాష్‌ల చుట్టూ ఇస్తుంది. మీ వాటా రోజుకు 0.000648, నెలకు 0.0194. కాయిన్ ధర రూ.30,000 అనుకుంటే నెలకు రూ.583. గోడ దగ్గర 110 వాట్లు లాగితే నెలకు 79 యూనిట్లు. భాగించి చూడండి: మీ పీసీ ఒక్కో యూనిట్‌ను రూ.7.36కి కొంటోంది. పైన తేలిన రూ.9.19 దగ్గర ఇది నష్టం. ఆంధ్రలో రూ.6 శ్లాబ్ దాటకుండా ఉంటే లాభంలా కనిపిస్తుంది.

కనిపిస్తుంది అన్నది ఊరికే కాదు, పన్ను ఇంకా రాలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం. మైనింగ్ చేసేవాడికి తగిలే అసలు పోటు ఏంటంటే, మైనింగ్ సామగ్రికి పెట్టిన ఖర్చును కాయిన్ కొన్న ధరగా చూపడం కుదరదని ఆర్థిక శాఖ పార్లమెంటులోనే తేల్చింది. కరెంటు బిల్లు చూపించినా అంతే. దాంతో అమ్మిన మొత్తమంతా లాభమే. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. అమ్మేటప్పుడు కోసే 1 శాతం టీడీఎస్ మాత్రం రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. రూ.583లో పన్ను పోను మిగిలేది రూ.401, అంటే యూనిట్ రూ.5.06.

ఈ ఒక్క అంకెను పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి. మీకు అదనపు యూనిట్ రూ.5.06 కన్నా తక్కువకు వస్తుందా? ఆంధ్రలో 125 యూనిట్ల లోపు రూ.4.50 శ్లాబ్‌లో ఖాళీ ఉంటే వస్తుంది, కానీ గేమింగ్ పీసీ ఉన్న ఇల్లు అక్కడ ఆగడం అరుదు. నిజంగా కుదిరేది మేడ మీద సోలార్ పెట్టి, గ్రిడ్‌కు ఇచ్చినదాన్ని తీసుకున్నదానిలో తగ్గించే నెట్ మీటర్ ఉండి, ఏడాది చివర యూనిట్లు మిగిలిపోయే ఇళ్లకే. ఆ మిగులుకు డిస్కం ఇచ్చే ధర మీ అంకె కన్నా తక్కువైతే గ్రిడ్‌కు ఇచ్చే బదులు పీసీకి పోయొచ్చు. 3 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తాయి, 110 వాట్ల పీసీ రోజంతా నడిచినా 2.64 యూనిట్లే. నెట్ మీటర్ ఉన్నప్పుడు పగలా రాత్రా అన్నది లెక్కకు అడ్డు రాదు కాబట్టి ఎండాకాలంలో రాత్రి పూటే నడపండి. ఏసీ గదిలో మాత్రం పెట్టొద్దు. పీసీ వదిలే ప్రతి 200 వాట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీ ఇంకో 60, 70 వాట్లు తింటుంది, ఆ యూనిట్లను ఎవరూ లెక్కలో రాసుకోరు.

అంకె కుదిరిందనుకుందాం. వాడాల్సింది ఎక్స్ఎంరిగ్ అనే మైనింగ్ ప్రోగ్రామ్. రాండమ్ఎక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కు ప్రాసెసర్ లోపలి ఎల్3 క్యాష్ మెమరీ 2 ఎంబీ కావాలి. 5600లో 32 ఎంబీ ఉంది, 12 థ్రెడ్లూ నడుస్తాయి. పేరు చూసి అదేలే అనుకునే 5600జీలో ఉన్నది 16 ఎంబీయే, ఎనిమిది థ్రెడ్ల దగ్గర ఆపాలి. అంతకు మించి పెట్టినా హ్యాష్ పెరగదు, వాట్లే పెరుగుతాయి. 2,080 ఎంబీ డేటాసెట్‌ను ర్యామ్‌లో పెట్టుకుని మాటిమాటికీ వెతుకుతుంది కాబట్టి ర్యామ్ స్పీడు ముఖ్యం. షాపువాళ్లు 8 జీబీ స్టిక్ ఒక్కటే వేసి ఇచ్చిన పీసీలో రాబడి బాగా పడిపోతుంది. రెండు స్టిక్కులు ఉండాలి, బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి స్పీడుతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి. అలాగని స్టిక్కుల స్పీడును మరీ సాగదీస్తే, చాలామంది కలిసి తవ్వి రాబడి పంచుకునే పూల్ నుంచి షేర్లు (మీ పీసీ కట్టి పంపిన లెక్కలు) తిరిగొస్తాయి. నెట్ బాగానే ఉండి షేర్లు రిజెక్ట్ అవుతుంటే అనుమానించాల్సింది ముందు ర్యామ్‌నే.

ప్రోగ్రామ్ మొదలైనప్పుడు హ్యూజ్ పేజెస్ (ర్యామ్‌ను పెద్ద ముక్కలుగా వాడే పద్ధతి) వరుసలో 100 శాతం కనిపించాలి. లేకపోతే విండోస్‌లో ఒకసారి అడ్మిన్‌గా నడిపి, పీసీ రీస్టార్ట్ చేయండి. ప్రాసెసర్ లోపలి సెట్టింగులను మార్చే ఎంఎస్ఆర్ అనే మార్పు కుదిరితే ఇంకో పది, పదిహేను శాతం హ్యాష్ వస్తుంది, కానీ విండోస్‌లో దానికి విన్‌రింగ్0 డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్‌లో తెలిసిన లోపం ఉంది, విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని పట్టుకుంటుంది, పట్టుకోవడమే న్యాయం. పది శాతం కోసం ఇంటి పీసీ రక్షణ తీసేయకండి. పాత 120 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే దాని మీద లైనెక్స్ వేసి మైనింగ్‌ను అక్కడ పెట్టండి. 2 ఎంబీ హ్యూజ్ పేజీలు 1,280 కేటాయిస్తే సరిపోతుంది, ఎంఎస్ఆర్ మార్పుకు ఆ విన్‌రింగ్0 అక్కర్లేదు. నెట్ బ్యాంకింగ్ ఉన్న విండోస్‌లో మైనర్‌కు చోటే ఉండదు. ఆపైన బయోస్‌లో ఎకో మోడ్ పెట్టండి. హ్యాష్ కొద్దిగా తగ్గుతుంది, వాట్లు అంతకన్నా బాగా తగ్గుతాయి, పైన కట్టిన యూనిట్ ధర మెరుగవుతుంది.

కార్డుతోనే చేస్తామంటే లెక్క అదే, పని వేరు. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 100 నుంచి 70కి దించడంతో మొదలుపెట్టండి. రేవెన్‌కాయిన్ వాడే కాపౌ పద్ధతి కార్డు అసలు చిప్ అయిన కోర్ మీద బరువు వేస్తుంది, ఎథీరియం క్లాసిక్ మెమరీ మీద. ఒకదానికి కుదిరిన సెట్టింగ్ ఇంకోదానికి పెడితే కరెంటు దండగ. 3080, 3090 కార్డుల్లో కోర్ 60 డిగ్రీలు చూపిస్తున్నా మెమరీ 110కి చేరి స్పీడు తగ్గించుకుంటూ ఉండొచ్చు. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మెమరీ జంక్షన్ వరుస చూడండి, 95 దాటనివ్వకండి. మెమరీ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ ప్యాడ్లు మార్చేటప్పుడు మందం అర మిల్లీమీటర్ ఎక్కువైనా కూలర్ కోర్ మీద సరిగ్గా కూర్చోదు, అప్పుడు కోర్ కాగడం మొదలవుతుంది.

సాకెట్ సంగతి. 200 వాట్లంటే ఒక ఆంపియర్ కూడా కాదు, వైరుకు భయం లేదు. భయం వదులు పిన్నుకే. పాత ఎక్స్‌టెన్షన్ బాక్సులో నాలుగు గంటల గేమ్‌కు తట్టుకున్న వదులు కాంటాక్ట్, రోజుల తరబడి లాగితే కాగి కరుగుతుంది. మొదటి రోజు గంటకోసారి ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన దాటితే సాకెట్ మార్చాల్సిందే. ఇన్వర్టర్ లైను మీద పెట్టొద్దు, 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్నా 200 వాట్లకు ఆరేడు గంటల్లో ఖాళీ అవుతుంది, రాత్రి ఫ్యాన్ ఆగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యే బయోస్ సెట్టింగ్ మన ఊళ్లలో ఆఫ్‌లోనే ఉండాలి. వచ్చీ రాగానే వోల్టేజీ ఎగిసిపడే ఆ రెండు నిమిషాలు పీసీ నిద్రపోతుండటమే మంచిది. నెలకోసారి ఫిల్టర్లు దులపండి, వెనక ఖాళీ స్లాట్లకు పట్టీలు బిగించండి. వెచ్చటి చోటు వెతుక్కునే బల్లి పవర్ సప్లై దాకా వెళ్లడం మన దగ్గర వింతేం కాదు.

కాయిన్లు దాచుకునే వాలెట్‌ను మైనింగ్ చేసే డిస్క్ మీద పెట్టొద్దు. మైనర్‌కు కావలసింది అడ్రస్ ఒక్కటే. మొనెరో అడ్రస్ 95 అక్షరాలు, 4తో మొదలవుతుంది. కాపీ చేసిన అడ్రస్‌ను మార్చేసే వైరస్‌లు ఉన్నాయి కాబట్టి అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు సరిచూడండి. వాలెట్‌ను తిరిగి తెరిచే 25 పదాల సీడ్‌ను కాగితం మీద రాసుకోండి, ఫోటో తీయొద్దు. ఎక్స్ఎంరిగ్‌ను దాని గిట్‌హబ్ పేజీ నుంచే దింపుకుని, ఫైల్ అసలుదేనా అని చెప్పే హ్యాష్ కోడ్ పోల్చుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన జిప్ ఫైల్ తీసుకుంటే మీ కరెంటుతో వేరేవాడి వాలెట్ నిండుతుంది. ఫోన్‌లో నొక్కితే కాయిన్లు రాలతాయనే యాప్‌ల గురించి చెప్పడానికేం లేదు, అక్కడ మైనింగే జరగదు. వచ్చింది వచ్చినట్టు సొంత వాలెట్‌లోకి తెచ్చుకోండి. మైనింగ్ మార్కెట్ నైస్‌హ్యాష్‌లో 2017 డిసెంబర్‌లో సుమారు 4,700 బిట్‌కాయిన్లు, క్రిప్టో ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్‌లో 2024 జులైలో సుమారు 23 కోట్ల డాలర్ల కాయిన్లు హ్యాకర్ల పాలయ్యాయి.

మొనెరోకు ఇంకో చిక్కు అమ్మడం. పెద్ద ఎక్స్ఛేంజ్ బైనాన్స్ 2024 ఫిబ్రవరిలో దాన్ని తీసేసింది. ముందు వేరే కాయిన్‌లోకి మార్చి, ఆ తర్వాత రూపాయల్లోకి తేవాలి. పన్ను చట్టం దృష్టిలో ఆ మార్పిడి కూడా అమ్మకమే. అందుకని పూల్ నుంచి డబ్బు పడ్డ ప్రతిసారీ తేదీ, కాయిన్ల సంఖ్య, ఆ రోజు ధర, స్మార్ట్ ప్లగ్ రీడింగ్ ఒక షీట్‌లో రాసుకోండి. రిటర్న్‌లో క్రిప్టో వివరాలు రాసే వీడీఏ షెడ్యూల్ నింపేటప్పుడు ఆ షీటే కావాలి. డిఫికల్టీ పెరిగి పీసీ యూనిట్‌ను మీ ధర కన్నా తక్కువకు కొంటున్న రోజు కూడా అందులోనే కనిపిస్తుంది. ఆ రాత్రికి గేమ్ ఆడుకోండి.